జానెడు జాగా

పొయ్యి మీద కాఫీ నీళ్ళు మరుగుతున్నాయి. గిన్నె దించబోతూ వెనక్కి తిరిగి చూసిన రాఘవమ్మకి నవ్వాగలేదు. వసారా గుంజకి తగిలించిన గుండ్రటి అద్దం ముందు బుల్లయ్య చొక్కా లేకుండా నిలబడి, రొమ్ము మీద జాన పెట్టి కొలుచుకుంటున్నాడు. అటు నుంచి ఓసారి, ఇటు నుంచి ఓసారి. యాభై దాటిన మనిషి, మీసం నెరిసిన మనిషి, పెళ్ళికొడుకులా అద్దాన్ని వదలడం లేదు.

"ఏందయ్యా, సంతలో గిత్తని చూసినట్టు నిన్ను నువ్వే చూసుకుంటన్నావు? ఎవరికన్నా బేరం పెట్టావా ఏంది?"

"జాగా సరిపోద్దా అని చూస్తన్నా."

"దేనికి?"

"పచ్చబొట్టుకి. పచ్చబొట్లేసే సుభానీ ఇయ్యాల మనూరొస్తన్నాడంట."

రాఘవమ్మ ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెళ్ళైన కొత్తలో చేతి మీద తేలుబొమ్మ పొడిపించుకుందాం రమ్మంటే సూదిని చూసి దర్శి సంతలోంచే పారిపోయావు. ఇప్పుడు రొమ్ము మీద ఏం ఏయించుకుంటావు? పులా?"

"కోటేషు మొహం," అన్నాడు బుల్లయ్య.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఏడాదిన్నర నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనలేదు. అనకూడదని రాఘవమ్మ నోటితో చెప్పలేదు గానీ, ఎవరైనా అనబోతే లేచి లోపలికి పోయేది. ఒక్కగానొక్క కొడుకు. పందొమ్మిదేళ్ళవాడు. పత్తికి నీళ్ళు పెట్టి వస్తానని సైకిలెక్కాడు. "అన్నం తిని పోరా" అని ఆమె గుమ్మంలోంచి కేకేస్తే, వెనక్కి తిరక్కుండానే "వచ్చి తింటాలేమ్మా" అన్నాడు. మోటారు కాడ కరెంటు పట్టేసింది. వాడు తినని అన్నం ఆ రోజు ఏమైందో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

పెద్దకర్మ నాడు ఫొటో పెద్దది చేయించి గోడకి పెడదామన్నాడు బుల్లయ్య. దండ వేస్తే వాడు పోయినట్టేనని రాఘవమ్మ గోల చేసింది. దాంతో ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఫొటోలంటే సిగ్గుపడే పిల్లాడు వాడు. ఇంట్లో ఉన్నదల్లా బస్సు పాసు కోసం దిగిన చిన్న ఫొటో ఒక్కటే. అది తీసిన స్టూడియోని కూడా ఎత్తేశారు. ఆ ఫొటోని రాఘవమ్మ ఎక్కడ దాచిందో బుల్లయ్యకి తెలియదు. ఆయనా అడగలేదు.

సుభానీ పొద్దెక్కాక సైకిలు మీద వచ్చాడు. వెనక బ్యాటరీ, ముందు సంచీలో సూది మిషను. అరుగు మీద కూర్చుని బొమ్మలు గీసిన అట్ట పరిచాడు. తేలు, గులాబీ, పడగ విప్పిన పాము, గద ఎత్తిన ఆంజనేయస్వామి, మధ్యలో పేరు రాసుకునే గుండె బొమ్మ.

"రొమ్ము మీదకి మగోళ్ళంతా ఆంజనేయస్వామినే అడుగుతారు పెద్దాయనా. ధైర్యంగా ఉంటది. కుర్రాళ్ళైతే పులి."

"ఇయ్యేయీ ఒద్దు. మా అబ్బాయి మొహం ఎయ్యాల."

సుభానీ అట్ట మడిచేశాడు. "మొహం నా చేతిలో లేదు పెద్దాయనా. కన్ను కాస్త పక్కకి పోయిందంటే మనిషే మారిపోతాడు. ఆ తర్వాత చెరపటానికి కుదరదు. నా మాటిని పేరేయించుకో. గుండెబొమ్మలో చక్కగా రాస్తా."

గడప లోపలి నుంచి రాఘవమ్మ అందుకుంది. "అదే మంచిది. పేరు రాయించుకో. పేరైతే నాకు చదవటం రాదు."

బుల్లయ్య ఆమె వైపు తిరిగాడు. "నాకు మాత్రం వచ్చా? పేరు రాస్తే నాకది గీతలేగదే. ఆ గీతల్ని పెట్టుకుని ఏం చేసుకోను? ఫొటో ఇయ్యి."

"ఇయ్యను."

"రాఘవమ్మా!"

"ఇయ్యనంటే ఇయ్యను. నువ్వు నీళ్ళు పోసుకునేటప్పుడు వీపు రుద్దేది నేను. అన్నం పెట్టేది నేను. పొద్దున లేస్తే నీ రొమ్ము మీద నుంచి వాడు నన్ను చూస్తా ఉంటే నేనెట్టా బతకాలయ్యా? నువ్వు పోయేటప్పుడు నీతో తీసకపోతావు, బాగానే ఉంది. ఈలోపు నా సంగతేంది?"

"పోయేటప్పుడు నగా నట్రా రావంట, పచ్చబొట్టొక్కటే వస్తదంట. మా అమ్మ చెప్పేది. అందుకనీ కాదే ఇది..."

"మరెందుకు? కన్నతల్లిని, నేను మర్చిపోయానా? నా కళ్ళల్లో లేడా? నీకే కావాల్సొచ్చాడా బొమ్మలో?"

బుల్లయ్య అరుగు మీద కూలబడ్డాడు. సుభానీ ఎదురుగా ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయాడు. పరుషంగా తప్ప మాట్లాడటం తెలియని మనిషి గొంతు పీలగా వచ్చింది.

"నాకు రావట్లేదే. వాడి మొహం నాకు గుర్తుకు రావట్లేదు. ఎండలో నడుస్తా గుర్తు చేసుకుందామని చూస్తా. చొక్కా వస్తది, సైకిలు వస్తది, మొహం కాడికొచ్చేసరికి ఏమీ ఉండదు. నేనేం తండ్రినే?"

రాఘవమ్మ లోపలికి వెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. అడుగున ప్లాస్టిక్ కవరు తగిలింది. చూడకుండానే తీసింది, చూడకుండానే ఆయన చేతిలో పెట్టి, వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. మిషను జుయ్యిమంటూ మధ్యాహ్నం దాకా మోగింది. బుల్లయ్య ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

సుభానీ పోతూ పోతూ తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. "అమ్మా, అది పచ్చి పుండు. పెచ్చు కట్టి రాలేదాకా చెమట పట్టకూడదు, దుమ్ము పడకూడదు. మిరపకాయ కల్లం వైపు అసలు పోనియ్యొద్దు. కారం తగిలితే బొమ్మ దక్కదు."

చెప్పినవాడు చెప్పాడు. అది ఏ నెల? కాయ కోసి కల్లంలో ఆరబోసి ఉన్న నెల. ఏడాదంతా చేసిన చాకిరీ ఎర్రగా నేల మీద పరిచి ఉన్న రోజులు. పొద్దు వాలేవేళకి పడమట మబ్బు పట్టింది. పక్కింటి వీరమ్మ కేకలేసుకుంటూ పరిగెత్తింది. "వానొస్తందే రాఘవమ్మా! కాయ తడిసిపోద్ది, రండే!"

బుల్లయ్య రొమ్ము మీద ఏమీ తగలకుండా చొక్కాని భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఫొటో ఆ చొక్కా జేబులోనే ఉంది. అట్లాగే లేచి పరిగెత్తాడు. వెనకే రాఘవమ్మ. వాళ్ళు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. చొక్కా ఓ పక్కకి విసిరేసి, బుల్లయ్య పారతో కాయ కుప్పకి లాగాడు. పారతో సాగలేదు. వంగి, రెండు చేతులూ చాచి, కాయని ఒళ్ళోకి తీసుకున్నట్టు రొమ్ముకి అదుముకుని మోయడం మొదలుపెట్టాడు. రాఘవమ్మ చూసింది. ఒట్టి రొమ్ము చూసింది, ఆ రొమ్ము మీద నలుగుతున్న కాయని చూసింది. "ఒద్దయ్యా" అనాల్సింది. "తొందరగా తే, పట్టా కప్పుదాం" అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరపకాయని నమ్ముకున్న మనుషులు. వాన పడుతుంటే ఇద్దరికీ కాయ ఒక్కటే కనబడింది.

సగం కాయ దక్కింది. సగం నల్లబడింది. బుల్లయ్య ఇంటికొచ్చి వాకిట్లో పడి పొర్లాడాడు. నీళ్ళు పోస్తే మంట పెరిగింది. మర్నాడు జ్వరం, ఆ తర్వాత చీము. ఆరెంపీ డాక్టరు సూదులేసి, ఇదేం పని పెద్దాయనా అని తిట్టిపోయాడు. చొక్కా గుర్తొచ్చి రాఘవమ్మ కల్లానికి పోయేసరికి అది బురదలో తొక్కుడు పడి ఉంది. ఫొటో జేబు గుడ్డకి అంటుకుపోయింది. నెమ్మదిగా లాగింది. రంగంతా గుడ్డకి మరకలా ఉండిపోయి, కాగితం తెల్లగా చేతికొచ్చింది. కవరులోంచి ఫొటో బయటికి తీసింది సుభానీ, జేబులో పెట్టుకుంది బుల్లయ్య. కానీ గోడ మీద పెద్ద ఫొటో లేకుండా చేసింది మాత్రం తనే. ఆ సంగతి ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు.

ఉగాది వెళ్ళాక పెచ్చులు రాలాయి. రోజూ పొద్దున్నే కొబ్బరినూనె రాసేది రాఘవమ్మే. మొహం పక్కకి తిప్పుకుని, చేత్తో తడుముతూ రాసేది. ఆ రోజు బుల్లయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇటు చూడవే. అద్దంలో నాకు సరిగ్గా తెలియటంలా. వాడేనా?"

చూడక తప్పలేదు. నుదురు ఉండాల్సిన చోట గడ్డ కట్టిన తోలు. కళ్ళు మూసుకుపోయాయి. మూతి ఓ పక్కకి గుంజుకుపోయింది. "వాడేనయ్యా" అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. అబద్ధమే అయినా ఆయన బతికినన్నాళ్ళూ పనికొచ్చే అబద్ధం. కానీ ఇన్నాళ్ళకి నోరు విప్పి అబద్ధం చెప్పలేకపోయింది.

"కాదయ్యా. వాడు లేడు." చంక వైపు, కాయ ఒత్తిడి పడని అంచున, నల్లగా, నిండుగా ఒకటి మిగిలింది. "చెవొక్కటి ఉంది. చిన్నప్పుడు కుట్టించిన చుక్కతో సహా."

"యాడ?"

ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. బుల్లయ్య చాలాసేపు ఆ వేలు తీయలేదు. "మిగతాది నువ్వు చెప్పు," అన్నాడు. "నీ కళ్ళల్లో ఉన్నాడన్నావుగా. ఎట్టా ఉండేవాడో చెప్పు."

రాఘవమ్మ కళ్ళు మూసుకుంది. సైకిలు కనబడింది. నీలం చొక్కా కనబడింది, భుజం మీద తువ్వాలు కనబడింది. వాడు వెళ్ళిపోతున్నాడు. వెనక వైపే తప్ప ఇంకేమీ కనబడలేదు. ఏడాదిన్నరగా తను దాచుకున్నానని అనుకున్నది ఇదేనా? వాడి మొహం తన దగ్గర పదిలంగా ఉందన్న ధీమాతోనే కదా ఫొటోని కూడా చూడకుండా ఉన్నది. ఎంత పిలిచినా లోపల సైకిలు ఆగడం లేదు.

"నాకూ రావట్లేదయ్యా," అంది.

అప్పుడు వంగి, ఆయన రొమ్ము మీద మిగిలిన ఆ చెవి దగ్గర నోరు పెట్టింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఆ పేరు పలికింది.

"కోటేషూ. అన్నం తిని పోరా నాయనా. ఒక్కసారి ఇటు తిరుగు."

కన్నీళ్ళు ఆ మాడిన తోలు మీద పడి మండి ఉంటాయి. బుల్లయ్య కదల్లేదు. ఆమె తల మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచాడు.

"ఇంకోసారి పిలువు," అన్నాడు.

ఆమె మళ్ళీ పిలిచింది.