పదకొండో అభ్యంతరం

కాపలా గది వెనక కుళాయి దగ్గర ఆమె రబ్బరు బూట్లు కడుగుతోంది. ఎడమ బూటు అయిపోయి కాలికెక్కింది కూడా. కుడి బూటు గాట్లలో ఇరుక్కున్న బురదను పుల్లతో గీకుతూ తలెత్తి చూసింది. రేవు వైపు నుంచి ఒక యువకుడు పిల్లల బండి తోసుకుంటూ చిత్తడి నేలల మీది కాలిబాట పట్టాడు.

ఆ చిత్తడి నేలలకు ఆమె కాపలాదారు. పొద్దునా సాయంత్రమూ పక్షులను లెక్కపెట్టడం, సముద్రం పోటు మీదున్నప్పుడు జనాన్ని అటు పోనివ్వకపోవడం ఆమె ఉద్యోగం. పోటు మొదలై అప్పటికే పావుగంట.

ఒక కాలికి బూటుతో, రెండో కాలు ఉత్తదిగా, అలాగే పరుగెత్తింది.

చెక్క వంతెన దిగేచోట బండి ముందు చక్రాలు బురదలో దిగబడి ఉన్నాయి. అతను బలమంతా ఉపయోగించి ఒక తోపు తోశాడు. బండి ఒరిగింది. లోపలున్నది దుప్పటితో సహా పక్కకు దొర్లింది.

"మీకు బుద్ధుందా?" అంది ఆమె రొప్పుతూ. "నీళ్ళొస్తున్నాయి, కనిపించట్లేదా? మునిగితే మీరు మునగండి. పసిబిడ్డ ఏం పాపం చేసింది?"

"ఏం చేయలేదండీ. ఇంతవరకూ ఏడవను కూడా లేదు," అన్నాడతను.

ఆమె అతన్ని పక్కకు నెట్టి, దుప్పటి తొలగించి, బిడ్డను ఎత్తుకోబోయింది. పది కిలోల ఇసక మూట చేతుల్లోకి వచ్చింది.



"మా ఆఫీసు పద్ధతండీ," అన్నాడతను. "బాటకి 'ఇంటిల్లిపాది నడక' అని ముద్ర వేయాలంటే దాని మీద పిల్లల బండి నడవాలి, ముసలివాళ్ళు నడవాలి. నాకా, పిల్లల్లేరు. పెళ్ళే కాలేదు. అందుకని ఇసక."

"మీ పెళ్ళి సంగతి నేనడిగానా?"

"లేదండీ. ఇసకెందుకో చెబుతున్నాను."

"చెప్పింది చాలు. మూట ఎత్తుకుని నడవండి."

ఆ రోజు మధ్యాహ్నానికల్లా రేవు మొత్తం అతనికి 'ఇసకమూట' అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఎవరు పుట్టించారో ఆమెకు తెలుసు. పుట్టించింది ఆమే.

తీరం వెంబడి నడకబాటలతో ఒక పుస్తకం వేస్తున్నారట. రేవు నుంచి చిత్తడి నేలల చివరిదాకా ఉన్న ఈ బాటను తనిఖీ చేయడం అతని పని. అతని ఫారంలో అడుగున రెండు గడులున్నాయి. ఒకటి అభ్యంతరాలకు, ఇంకొకటి కాపలాదారు సంతకానికి. అభ్యంతరం రాస్తే దాన్ని సరిచేసేదాకా తనిఖీదారు ఊరు దాటకూడదు. సంతకం పడితే ఆ రోజే తర్వాతి రేవుకు బయలుదేరాలి.

మొదటి అభ్యంతరం ఆమె న్యాయంగానే రాసింది: వంతెన దిగేచోట వాలు ఎక్కువ, బండి దిగబడుతోంది. రెండు రోజుల్లో వాలు సరైంది. రెండోదీ న్యాయమే: పోటు వేళలు తెలిపే పలక లేదు. మర్నాటికే పలక వెలిసింది.

మూడో తనిఖీకి ముసలివాళ్ళు కావాల్సి వచ్చారు.

"మా నాయనమ్మ ఉంది కానీ, ఆవిడ మోకాళ్ళు..." అని ఆమె నసిగింది.

ఇంటిపని ఎదురైతే చాలు మోకాళ్ళు గుర్తొచ్చే నాయనమ్మ, నడక అనేసరికి తెల్లవారకముందే తల దువ్వుకుని వీధరుగు మీద కూర్చుంది. ఒక చేత్తో స్టాప్‌వాచ్, ఒక చేత్తో పిల్లల బండి పట్టుకుని అతను ఆవిడ అడుగులో అడుగు వేశాడు. ఇసక మూట ఏమైందంటే, బండిలో నాయనమ్మ చేతిసంచీ, శాలువా, మందుల డబ్బా, నీళ్ళ సీసా చేరి తూకం సరిపోయింది.

"ఎంతసేపట్లో నడిచానబ్బాయ్?"

"నలభై నిమిషాలండీ. అందులో పదిహేను మీరు మాట్లాడుతూ నిలబడినవి."

"అవీ నడకలో భాగమే. రాసుకో."

దారిలో బురద మేట మీద పొడుగు ముక్కుల ఉల్లంకి పిట్టలు గుంపుగా వాలాయి. "అన్నింటినీ ఎలా లెక్కపెడతారు?" అని, లెక్కల పుస్తకంతో వెంట వస్తున్న ఆమెను అడిగాడతను.

"పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత చోటు పట్టాయో కంటికి గుర్తు పెట్టుకోవాలి. ఆ చోటునే గుంపు మీద పరుచుకుంటూ పోవాలి."

అతను ఒక కన్ను మూసి, వేలు ఆడించి, పెదాలు కదిపి, "నాలుగొందలు!" అని అరిచాడు.

"ఆరొందల ఇరవై."

"ఎగిరిపోయినవాటితో కలిపా?"

"మీరు అరిచాక ఎగిరాయి. అంతకుముందు లెక్క."

ఉన్నట్టుండి వాన మొదలైంది. అతను గబగబా బండి గొడుగు ఎత్తి నాయనమ్మ చేతిసంచీని కాపాడాడు. నాయనమ్మకు సొంత గొడుగుంది. మిగిలిన ఇద్దరూ నిలువునా తడిశారు. చెవుల మీదుగా నీళ్ళు కారుతున్నా స్టాప్‌వాచ్ ఆపలేదతను. ఆమె నవ్వు ఆపుకోవడానికి పిట్టల వైపు తిరిగింది. పిట్టలక్కడ లేవు.

ఆ సాయంత్రం లెక్కలో ఆమె ఒకే గుంపును రెండుసార్లు లెక్కపెట్టింది. నాలుగేళ్ళ ఉద్యోగంలో అలా జరగడం అదే మొదటిసారి. కొట్టేసి దిద్దుకుంది. ఆ తర్వాత ఫారం తీసి మూడో అభ్యంతరం రాసింది: ముసలివాళ్ళు కూర్చోవడానికి బల్ల లేదు.

బల్ల వచ్చింది. బల్లకు ఎండ తగులుతోందంది. బల్ల నీడలోకి జరిగింది. నీడలో కూర్చుంటే పిట్టలు కాక రేవు క్రేన్లే కనిపిస్తున్నాయంది. బల్ల తిరిగింది. వంతెన కమ్మీల ఆకుపచ్చ రంగు చూసి ఉల్లంకులు బెదురుతున్నాయంది. రాత్రికి రాత్రే అవి మట్టిరంగులోకి మారాయి. ఉల్లంకులకు ఈ సంగతేమీ తెలియదు.

ఆమె బాధల్లా అతని చురుకుతనమే. ఒక్కో అభ్యంతరంతో వారం గడుస్తుందని ఆమె ఆశపడుతుంది. అతను ఒకటిన్నర రోజులో చేతులకు రంగో, సిమెంటో పూసుకుని వచ్చి, "అయిపోయిందండీ," అంటాడు. ఈ మనిషికి తానంటే గిట్టదు, త్వరగా పోదామని చూస్తున్నాడని ఆమె అనుకుంది. ఈమెకు తానంటే గిట్టదు, మెప్పు పొందాలంటే త్వరగా చేయాలని అతను అనుకున్నాడు. ఇలా ఇద్దరూ కలిసి, ఎంతో కష్టపడి, విడిపోయే రోజును దగ్గరికి లాక్కొచ్చారు. పదో అభ్యంతరం, బల్ల కిర్రుమంటోందని. ఆ మధ్యాహ్నమే నూనె పడింది.

శనివారం సాయంత్రం వానలో అతను వాళ్ళింటికే వచ్చాడు. వీధి మలుపులో ఆఫీసు జీపు ఆగి ఉంది. వెనక టాపు లేని చోట అతని పెట్టె, పరుపు చుట్ట తడుస్తున్నాయి. రేవులో ముప్పై ఏళ్ళు పడవ నడిపి పని మానేసిన ఆమె తండ్రి కిటికీ పక్క కుర్చీలో వల బాగుచేస్తున్నాడు. ఆయన ఆ ఇంట్లో రోజుకు పది మాటలు మించి మాట్లాడడు, ఆ పదీ పొద్దున్నే అయిపోతాయి.

"పుస్తకం సోమవారం అచ్చుకెళుతోందండీ," అన్నాడతను ఫారం బల్ల మీద పెట్టి. "సంతకం పెట్టేస్తే నేను బయలుదేరతాను."

"ఈ చీకట్లోనా? కూర్చో బాబూ, టీ తాగి పో," అంది నాయనమ్మ.

"పర్లేదు మామ్మగారూ."

ఆమె పెన్ను చేతికి తీసుకుంది. సంతకం గడి మీద పెట్టింది. అక్కడే ఆగింది.

"ఇంకా ఏం మిగిలిందే ఆ బాట మీద?" అంది నాయనమ్మ. "మన ఇంటి వాకిలి కన్నా బాగుంది."

"ఆలోచిస్తున్నాను."

"రెండు వారాలుగా ఆలోచిస్తూనే ఉన్నావు. పాపం ఆ అబ్బాయి చేతులు చూడు, రంగు ఇంకా వదల్లేదు."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒక్కటి అడుగుతానండీ. మీకు నా మీద కోపముంటే నా మీదే రాయండి. బాట మీద రాయకండి. దాని తప్పేం లేదు."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. వాన నీళ్ళతో కనుబొమలు అతుక్కుపోయి, నిజంగానే బాట తరఫున బతిమాలుతున్నట్టున్నాడు. సంతకం పెడితే ఆ జీపు కదులుతుంది. కాపలా గదికి ఎదురుగా బల్ల ఉంటుంది, నీడ ఉంటుంది, పిట్టలుంటాయి. "అయిపోయిందండీ" అనే మనిషి ఉండడు.

పెన్ను సంతకం గడి వదిలి పై గడిలోకి జరిగింది. నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసి కాగితం అతని వైపు తిప్పింది.

'పదకొండు: తనిఖీదారు వెళ్ళిపోతున్నాడు.'

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇది... దీన్నెలా సరిచేయాలండీ?"

"మిగతా పదీ ఎలా సరిచేయాలో నేను చెప్పానా?"

"గడువు?"

"ఎంతకాలమైనా పట్టనీయండి. ఈసారి తొందరపడితే మాత్రం నేనూరుకోను."

"అయితే అవన్నీ..." అని బల్ల, నీడ, రంగు, నూనె అన్నీ గుర్తొచ్చి నోరు తెరిచాడు. "ఉల్లంకులు ఆకుపచ్చకు బెదరవా?"

"బెదరవు."

"మూడు పూతలు వేశానండీ!"

"చూశాను. రోజూ చూశాను."

నాయనమ్మకు కళ్ళజోడు దొరకలేదు. "ఏం రాసిందిరా? ఎవరైనా గట్టిగా చదివి చావండి!" అని గోల పెట్టింది. ఎవరూ చదవలేదు.

తండ్రి వల కింద పెట్టాడు. లేచి వచ్చి ఫారం అందుకున్నాడు. దీపం కిందికి తీసుకెళ్ళి, పైనుంచి కిందిదాకా, పది అభ్యంతరాలూ వరసగా చదివి, పదకొండో దాని దగ్గర ఆగాడు. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ వెనక్కే పెట్టుకున్నాడు.

ఆయన ఫారాన్ని బల్ల మీద పెట్టాడు. అది ఎగరకుండా దాని మీద పెన్ను పెట్టాడు. కిటికీలోంచి మలుపు వైపు, వానలో తడుస్తున్న పెట్టె వైపు, పరుపు చుట్ట వైపు ఒకసారి చూసి, మూలనున్న గొడుగు అందుకున్నాడు.

"ఎక్కడికిరా ఈ వానలో?" అంది నాయనమ్మ.

తండ్రి గొడుగు విప్పి, ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకుండా, గడప దాటి జీపు వైపు నడిచాడు.