బూడిద సర్దార్ పక్షం

సాగర్ రోడ్డు పొడుగునా పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న రోజులవి. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట రెండు వెంచర్ ఆఫీసుల మధ్య ఇరుక్కుని ఒక చిన్న కొట్టు ఉండేది. దాని బోర్డు మీద ఇలా రాసి ఉండేది: "కిరాయి దళం. బొమ్మలు, రేడియోలు, కాలేజీ ప్రాజెక్టులు బాగు చేయబడును."

బోర్డు చూసి రోజుకి ఒకరైనా ఆగి, గది కిరాయికి ఉందా అని అడిగేవారు. కొట్టు నడిపే ఎల్లేష్ తల ఎత్తకుండానే లేదనేవాడు. బోర్డు మార్చమని వాళ్లమ్మ సక్కుబాయి ఎన్నోసార్లు పోరింది. మార్చలేదు. ఆ పేరంటే వాడికి అంత గర్వం.

ఆగస్టులో ఒక సాయంత్రం, వాన దంచి కొడుతుండగా, ఒకమ్మాయి కొట్లోకి దూసుకొచ్చింది. గొడుగు తన నెత్తిన కాకుండా చేతిలో ఉన్న అట్టపెట్టె మీద పట్టుకుంది. మనిషి నిలువునా తడిసింది, పెట్టె మాత్రం పొడిగా ఉంది. ఎల్లేష్‌కి ఆ సంగతి అప్పుడే నచ్చింది, కానీ ఒప్పుకోలేదు.

"ఏమండీ, ఈ రోబో కాలు బాగవుతుందా?"

"చూపెట్టు."

"చూపెట్టండి అనాలి."

"రోబోకు కాలు వెట్టాల్నా, అండి వెట్టాల్నా?"

ఆమె కళ్లు పెద్దవి చేసింది. పెట్టె తీసుకుని వెళ్లిపోదామనే అనుకుంది, కానీ బయట వాన తగ్గలేదు. అంతలో వాడి వెనక గోడకి వేలాడుతున్న బొమ్మ కనిపించింది. జానెడు ఎత్తు, బూడిద రంగు, కుడి చెయ్యి సన్నటి నైలాన్ దారంతో కట్టి ఉంది.

"ఇది 'ఉక్కు నక్షత్రం' సీరియల్లోది కదూ? బూడిద సర్దార్!"

ఎల్లేష్ మొదటిసారి తల ఎత్తాడు. చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే టీవీలో వచ్చే ఆ రోబోల సీరియల్‌ని గుర్తు పెట్టుకున్న మనిషి వాడికి ఇంతవరకు తగల్లేదు. అందులో ఎర్రసేనకి, నీలిసేనకి యుద్ధం. పిల్లలంతా ఆ రెండిట్లో ఏదో ఒక పక్షం. మధ్యలో కిరాయి దళం అని ఒకటుండేది. ఎవరు పిలిస్తే వాళ్ల పని చేసి పోయే రోబోలు, వాళ్ల నాయకుడే బూడిద సర్దార్. ఆ బొమ్మని ఎవరూ కొనేవారు కాదు.

"నేను ఎర్రసేన," అందామె. "వీళ్లంటే మాకు అసహ్యం. డబ్బిస్తే ఎవరి తరఫునైనా కొట్టేస్తారు."

"మాట ఇస్తే తప్పరు. గది గూడ చెప్పు." ఎల్లేష్ గోడ మీది అట్ట వైపు వేలు చూపించాడు. దాని మీద సీరియల్లో సర్దార్ చెప్పిన మూడు కట్టుబాట్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. ముందు వచ్చినవాడి పని ముందు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పరాదు. ఒప్పుకున్న పని వదలరాదు.

"ఆఖరి భాగంల సర్దార్ ఏమైండో తెల్వదు," అన్నాడు. "ఆ ఆయితారం మా తాన కరెంటు పోయింది. పదేండ్లయింది, ఇంకా మన్సుల పీకుతనే ఉంది."

"నాకు తెలుసు," అందామె గొడుగు దులుపుతూ. "కాలు బాగు చేస్తే చెప్తాను."

ఆమె పేరు తేజస్వి. గుట్ట మీది ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. వాళ్ల నాన్న జోగారావు పాలకొల్లు వైపు నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడి, ఫ్యాన్లు, మోటార్ల షాపు నడుపుతున్నారు. కాలేజీ పండగలో రోబోల కుస్తీ ఉంది. గీసిన గుండ్రం బయటకి అవతలి రోబోని నెట్టేస్తే పాయింటు. తేజస్వి రోబోకి నాలుగు కాళ్లు. ముందరి ఎడమ కాలు మాత్రం ఎప్పుడూ జారుతోంది.

ఎల్లేష్ ఆ కాలు విప్పి, కీలు లోపల వల అల్లే దారం పోసి, ఒక ముడి వేశాడు. "మా బాపు వలకు వేసే ముడి. గుంజినకొద్ది బిగుస్తది, జారదు."

"రోబోటిక్స్ పుస్తకంలో ఇది లేదే."

"పుస్తకం రాసినాయన చేపలు వట్టిండా?"

తేజస్వికి నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకుంది, కుదరలేదు. ఆ తర్వాత ఆ ఎడమ కాలు వారానికి మూడుసార్లు పాడవడం మొదలుపెట్టింది. అంత గట్టి ముడి అన్నిసార్లు ఎలా వదులవుతోందో ఎల్లేష్‌కి అర్థమయ్యేది. అర్థమైనా అడిగేవాడు కాదు. ఆఖరి భాగం సంగతి అడిగితే ఆమె కూడా చెప్పేది కాదు.

ఒక ఆదివారం కొట్టు మూసి ఉంటే తేజస్వి దారి అడుక్కుంటూ పెద్ద చెరువు కట్ట మీదికి వచ్చేసింది. ఎల్లేష్ వాళ్ల నాన్న అంజిలయ్య చేపలు కుప్పలుగా పోసి, వల లాగిన ఇంటింటికీ వాటా పంచుతున్నాడు. ఇస్తారి ఇంటికి, బుగ్గయ్య ఇంటికి, ఇలా అందరికీ పోయాక చివర్న మిగిలిన చిన్న కుప్పని తన గంపలో వేసుకున్నాడు. పక్కన సక్కుబాయి మూతి ముడుచుకుని నిలబడింది.

"మీరే పంచుతున్నారు కదండీ," అంది తేజస్వి ఉండబట్టలేక. "మీరు చివర్న తీసుకోవడమేంటి?"

అంజిలయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "పంచెటోడు ముందుగాల్నే తన ఇంటికి తీస్కుంటే గది పంచుడెట్లయితది బిడ్డా? మనోళ్ల వాటా ఆఖర్లనే తీయాలె. మా తాతల కాడికెల్లి గంతే."

"ఆఖర్ల మిగిలేటియి ముండ్ల చేపలే," అంది సక్కుబాయి. "ఆ పిల్లకు గది గూడ చెప్పు."

అందరూ నవ్వారు. చెరువు నీళ్ల మీంచి వచ్చే గాలికి తేజస్వి జుట్టు ముఖం మీద పడుతోంది. ఎల్లేష్ ఆ రోజు వలలు ఆరేయడం మానేసి అదే చూశాడు.

అంతా బాగానే నడుస్తోందనుకునేంతలో తేజస్వి ఒక మధ్యాహ్నం కొట్లోకి గాలివానలా వచ్చింది. గొడుగు లేదు, పెట్టె లేదు.

"సుశాంత్ రోబోని ట్రయల్‌లో చూశాను. కీళ్లలో నీ ముడే ఉంది."

సుశాంత్ ఆమె క్లాస్‌మేటు. కుస్తీలో ఆమెకి అసలు పోటీ అతనే. ఆమెకంటే ఒక రోజు తర్వాత అతనూ వచ్చి పని ఒప్పజెప్పిపోయాడు. ఎల్లేష్ ఇద్దరికీ చేస్తున్నాడు, ఇద్దరికీ చెప్పలేదు. రెండో కట్టుబాటు అదే కదా.

"అవ్. నేనే చేసిన," అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ ముచ్చట ఆయనకు చెప్పలె. ఆయనది నీకు చెప్పలె."

"పోనీ, ఇప్పుడు ఒక్కటి చెప్పు. వాడి రోబో బలహీనత ఎక్కడ?"

ఎల్లేష్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. చెప్పేస్తే ఈ అమ్మాయి నవ్వుతుంది, రేపూ వస్తుంది. చెప్పకపోతే రాదు. ఆ రెండూ వాడికి స్పష్టంగా తెలుసు.

"చెప్ప," అన్నాడు.

"ఎవరి పక్షమూ కాని వాడికి మనసు కూడా ఉండదు, ఎల్లేష్. నీ సర్దార్ బొమ్మని ఎవరూ ఎందుకు కొనలేదో ఇప్పుడు తెలిసింది."

ఆమె వెళ్లిపోయింది. ఎల్లేష్ గోడ మీది బొమ్మని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మాట నిలబెట్టుకున్నందుకు గర్వం ఉండాల్సిన చోట ఏడుపొచ్చింది.

మర్నాడు సుశాంత్ వచ్చాడు. "బ్రదర్, మా బాబాయికి తుక్కుగూడలో ఫ్యాక్టరీ ఉంది. రింగు రోడ్డు పక్కనే. మెకానిక్ పోస్టు ఖాళీ ఉంది. తేజస్వి రోబోకి ఏ కాలు వీకో ఒక్క మాట చెప్పు, చాలు."

"నీ రోబో తయారైంది, తీస్కపో," అన్నాడు ఎల్లేష్. "ఇంకోపారి గట్ల అడిగితే ఈ గడప తొక్కకు."

పోటీ రోజున కాలేజీ ఆవరణంతా జనం. రెండు పక్షాలకీ కలిపి ఒకే రిపేరు బల్ల పెట్టారు. దాని వెనక కాలేజీ వాళ్లు పిలిపించిన ఎల్లేష్, జేబులో వల దారం ఉండ. తేజస్వి వాడి వైపు చూడనైనా చూడలేదు. ముందు వరసలో జోగారావు కెమెరా పట్టుకుని కూర్చున్నారు.

తేజస్వీ, సుశాంతూ ఫైనల్‌కి వచ్చారు. మొదటి సగంలో సుశాంత్ రోబో ఎంతసేపూ ఆమె రోబో కుడి వైపే గుద్దుతోంది. ఆ వైపు రాయిలా ఉంటుంది. ఎడమ వైపు ఒక్కసారి తోసినా పని అయిపోయేది. తేజస్వి రిమోటు నొక్కుతూనే ఆలోచనలో పడింది. అంటే సుశాంత్‌కి తెలియదు. అంటే ఎల్లేష్ చెప్పలేదు.

విరామం పది నిమిషాలు. అప్పటికి పాయింట్లు సమానం, రెండు రోబోలూ కుంటుతున్నాయి. తేజస్వి పరుగెత్తుకొచ్చి తన రోబోని బల్ల మీద పెట్టింది. అర నిమిషం తర్వాత సుశాంత్ వచ్చాడు.

ఎల్లేష్ ఆమె రోబోని మెల్లగా పక్కకి జరిపి, సుశాంత్‌ది ముందుకి తీసుకున్నాడు.

"నేను ముందు వచ్చాను," అంది తేజస్వి. "ముందు వచ్చినవాళ్ల పని ముందు. అది నీ కట్టుబాటే కదా?"

"దళంల ఉన్నోనికి గదే కట్టుబాటు." వాడి చేతులు ఆగలేదు. "నేను దళంలకెల్లి బయటికొచ్చిన. ఇయ్యాల నాకు ఒక పక్షం ఉంది."

"అందుకే వాడిది ముందా?"

ఎల్లేష్ అప్పుడు తల ఎత్తి ఆమె కళ్లలోకి చూశాడు. "మా బాపు చెప్పింది యాదికి లేదా? మనోళ్ల వాటా ఆఖర్లనే తీయాలె."

తేజస్వికి ఒక క్షణం ఏమీ వినపడలేదు. మైకులో ఎవడో అరుస్తున్నాడు, స్నేహితురాళ్లు టైమైపోతోందని భుజం గుంజుతున్నారు. ఆమె మాత్రం వాడి జేబులోంచి దారం ఉండ తీసి, కావలసినంత పొడవు లాగి, పళ్లతో కొరికి పట్టుకుని నిలబడింది, తన వంతు వచ్చేదాకా.

మూడు నిమిషాలే మిగిలాయి. ఎల్లేష్ ముడి వేశాడు. ముడి చివర ఆమె వేలితో అదిమి పట్టింది.

రెండో సగంలో ఆ కాలు వదలలేదు, జారలేదు. అయినా ఒక్క పాయింటు తేడాతో సుశాంతే గెలిచాడు. ఓడిపోయిన మనిషి అలా తలెత్తుకుని నడిచి రావడం ఆ కాలేజీలో ఎవరూ చూసి ఉండరు.

జోగారావుకి మాత్రం ఒళ్లు మండిపోతోంది. కెమెరా మెడలో ఊగుతుండగా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏమయ్యా, మా అమ్మాయి ముందొస్తే వాళ్లది ముందు చేశావంట. ఇదేం న్యాయం?"

ఎల్లేష్ నోరు తెరిచేలోపే కప్పు చేతిలో పట్టుకున్న సుశాంత్ అందుకున్నాడు. "అంకుల్, ఈయన్ని ఏమనకండి. మీ అమ్మాయి రోబో గుట్టు చెప్పమని నేను ఉద్యోగం ఆశ పెట్టాను. కొట్టు గడప తొక్కొద్దన్నాడు." సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

జోగారావు మెడలో కెమెరా సర్దుకున్నారు. "సరే, అది బాగానే ఉంది. మరి ఇప్పుడు మనదెందుకు వెనక్కి నెట్టాడు?"

"ఎందుకో ఆదివారం తెలుస్తుంది నాన్నా," అంది తేజస్వి. "ఓ సంచి తెచ్చుకోండి. మిమ్మల్ని చేపలకి తీసుకెళ్తాను."

ఆదివారం కట్ట మీద ఎండ కాస్తోంది. జోగారావు మెడలో కెమెరాతో తెల్లారగానే వచ్చి అందరికంటే ముందు నిలబడ్డారు. చేపల సంగతిలో తమ వైపు వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదని దారంతా కూతురికి చెబుతూనే వచ్చారు. అంజిలయ్య ఆయన చేతిలోని సంచి అందుకుని తన గంప పక్కన పెట్టుకున్నాడు. తర్వాత పంపకం మొదలైంది.

కొంచెం దూరంలో, ఆరేసిన వల పక్కన, ఎల్లేష్ బూడిద సర్దార్ బొమ్మని తేజస్వి చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే ఉంచుకో. ఇప్పుడన్న చెప్పు. ఆఖరి భాగంల ఏమైంది?"

తేజస్వి బొమ్మ చేతికున్న ముడిని వేలితో తడిమింది. "నాకూ తెలీదు. ఆ ఆదివారం హయత్‌నగర్‌లో కూడా కరెంటు పోయింది."

"అంటే ఇన్ని దినాలు నన్ను..."

"నువ్వు అడుగుతుంటే బావుండేది," అంది. "అడగడం మానేస్తావేమోనని భయపడ్డాను. నువ్వంటే నాకు అంత ఇష్టం."

ఎల్లేష్ వల అంచు పట్టుకుని ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు.

అవతల ఇస్తారి వాటా అయింది. బుగ్గయ్యది అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లవీ అయ్యాయి. జోగారావు రెండుసార్లు దగ్గారు, మూడోసారి ఉండబట్టలేకపోయారు. "బావుందయ్యా, అందరికంటే ముందు వచ్చింది నేను."

సక్కుబాయి నవ్వు ఆపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కట్ట ఖాళీ అయ్యాక, చివర్న మిగిలిన చిన్న కుప్పని అంజిలయ్య రెండు చేతులతో రెండుగా చీల్చాడు. సగం తన గంపలో వేసుకున్నాడు. మిగతా సగం జోగారావు సంచిలో వేసి, మూతి ముడి కట్టి చేతికిచ్చాడు.

"మనోళ్ల వాటా ఆఖర్లనే తీయాలె బావా," అన్నాడు.

జోగారావు సంచి వైపు చూశారు. వల దగ్గరున్న ఇద్దరి వైపు చూశారు. మెల్లగా ఆయన ముఖం విచ్చుకుంది. మెడలోని కెమెరా తీసి పక్కన పెట్టి, వచ్చి అంజిలయ్య పక్కన కట్ట మీద కూర్చున్నారు.

"ముళ్ల చేపలే మిగిల్చావు బావా," అన్నారు సంచి ఒళ్లో పెట్టుకుంటూ. "పులుసు ఎట్లా పెట్టాలో మా చెల్లెమ్మకి నేను చెప్తాను పద."