పిడుగు కట్టిన వంతెన

"రెండో తరగతి పిల్లకి ఎక్స్, వై ఏంటండీ? మా పిడుగుని మీ అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లోంచి తీసేయండి!"

వడ్రంగి గొంతుకి స్టాఫ్‌రూమ్ దద్దరిల్లింది. లెక్కల టీచర్ మాత్రం కళ్ళెత్తి తాపీగా చూసింది. ఆ చూపుకి అతని కోపం సగం చల్లారింది. మిగతా సగాన్ని అతను గట్టిగా పట్టుకున్నాడు.

"బయట నించున్న తల్లిదండ్రుల్ని చూశారా? వాళ్ళంతా తమ పిల్లల్ని చేర్చుకోమని నా ప్రాణం తీస్తున్నారు. తీసేయమన్నది మీరొక్కరే."

"పిల్ల ఆటలు మానేసింది. అన్నం ముందు కూర్చుని ఏడుస్తోంది. అదేం చదువండీ?"

టీచర్ బీరువా మీంచి ఒక చెక్క వంతెన దించింది. "దీన్ని చూసే సీటిచ్చాం. నేనెక్కి నిలబడినా కిర్రుమనలేదు. ఏడేళ్ళ పిల్ల ఎలా చేసిందా అని ముక్కున వేలేసుకున్నాను."

వడ్రంగి అక్క, అంటే పిడుగు వాళ్ళమ్మ, ఆస్పత్రిలో నర్సు. ఆమె డ్యూటీలో ఉంటే మేనకోడలి హోంవర్క్ అతని నెత్తిన పడేది.

"పాప నిద్రకి తూగుతుంటే జాలేసి నేనే చేశానండీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

"రంగు నేనేశాను టీచర్!" అంది పక్కనే ఉన్న పిడుగు, గర్వంగా.

"అయితే మీరు తీసిన గోతిలోనే ఈ పిల్ల పడిందన్నమాట!" టీచర్ పకపకా నవ్వింది. అతనికి సిగ్గేసింది. ఆ నవ్వు మళ్ళీ వినాలని కూడా అనిపించింది.

మర్నాడే పిడుగు తన పాత క్లాసుకి వెళ్ళిపోయింది. మావయ్యని మాత్రం టీచర్ ఊరికే వదల్లేదు. "మీకు శిక్ష ఉంది. శనివారాలు వచ్చి పిల్లలందరికీ వంతెనలు కట్టడం నేర్పాలి. బ్యాచ్‌లు లేవు, సెలెక్షన్లు లేవు. మీరు చెయ్యి పెట్టకూడదు."

పిడుగు కట్టిన వంతెన పదేపదే కూలింది. కూలినప్పుడల్లా పడీపడీ నవ్వి మళ్ళీ కట్టింది. ఇంటికెళ్ళి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

ఒక శనివారం వాన పట్టుకుంది. వరండాలో వడ్రంగి, టీచర్ ఆగిపోయారు. జల్లు మీద పడుతున్నా ఇద్దరూ జరగలేదు.

అతను గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకు ప్రాణమండీ. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

టీచర్ బుగ్గలు ఎర్రబడ్డాయి. కళ్ళలో అల్లరి మాత్రం తగ్గలేదు. "ఇది మీ సొంతమేనా? ఎవరైనా చేసిపెట్టారా?"

"ఒట్టు! ప్రతి మాటా నాదే!"

"అబద్ధం టీచర్!" స్తంభం చాటునుంచి పిడుగు అరిచింది. "పొద్దున్నుంచీ నేనే బట్టీ పట్టించాను. 'మీరంటే' దగ్గరే ఆగిపోతున్నాడు."

టీచర్ నవ్వుతూ వడ్రంగి చెయ్యి పట్టుకుంది.

"అయితే మార్కులన్నీ నీకే. మీ మావయ్య నాకు."