నాలుగో మేకు

దబ్!

షెడ్డు తలుపు మీద లోపలి నుంచి గుర్రం కాలి దెబ్బ పడింది. ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడింది. ముందుకు వేయబోయిన అడుగు కాస్తా వెనక్కి పడింది.

టైమ్ మధ్యాహ్నం 2:40. శవాన్ని అప్పుడే వ్యాన్ ఎక్కించారు.

పోయింది ఈ గుర్రాన్ని చూసుకునే ముసలాయన. జేబు నిండా క్యారెట్లు వేసుకు తిరిగేవాడని వీధి వీధంతా క్యారెట్ తాత అనే పిలిచేది. పన్నెండున్నర ప్రాంతంలో షెడ్డు గుమ్మంలో బోర్లా పడి కనిపించాడు. తల వెనక గుర్రపు నాడా ఆకారంలో గాయం. ఇనుప అంచు అచ్చు గుద్దినట్టు దిగింది.

"ఇంకా చూడ్డానికేముంది మేడమ్? తన్నింది, పోయాడు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

పశువుల డాక్టర్ ఫారం చాపాడు. "ఒక ప్రాణం తీసింది. దీన్ని ఉంచకూడదు. నాలుగింటికి ఇంజెక్షన్ ఇచ్చేస్తాను. పోలీసులకి అభ్యంతరం లేదని సంతకం పెట్టండి."

"దీని ఓనర్‌కి చెప్పారా?"

"అక్క ఓడ మీద ఇంజనీర్ అండీ," అన్నాడు పక్కనే నిలబడ్డ యువకుడు. ఓనరమ్మకి తమ్ముడు. "ఎనిమిది నెలల డ్యూటీ. వెళ్లి అయిదు నెలలైంది. మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఆవిడ లేనప్పుడు సంతకం అధికారం నాదే."

వెళ్లేముందు ఆవిడ చేసిన ఏర్పాటంతా గోడకి వేలాడుతున్న రిజిస్టర్ మొదటి పేజీలో ఉంది. తాత మేపాలి, రోజూ నడిపించాలి. తమ్ముడు ప్రతి ఆదివారం వచ్చి మేత, నీళ్లు, గిట్టలు స్వయంగా చూసి రాయాలి. కింద గుండ్రటి అక్షరాలతో ఇంకో మాట: "నా చుక్కని మీ ఇద్దరి చేతుల్లో పెట్టి వెళ్తున్నాను."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసింది.

నిజం చెప్పాలంటే ఆవిడకి గుర్రమంటే చచ్చేంత భయం. ఆరేళ్లప్పుడు ఒకటి కొరికింది. ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. సంతకం పెట్టేస్తే ఈ తలుపు తెరవక్కర్లేదు. లోపలికి వెళ్లక్కర్లేదు. హాయిగా ఇంటికి పోవచ్చు.

పెన్ను కాగితానికి తగిలింది. అక్కడే ఆగింది. సంతకం పెడుతున్నది తనా, తన భయమా? ఆవిడకే సిగ్గేసింది.

తలెత్తింది. ఎదురు గోడ మీద నాలుగు మేకులు. మూడింటికి మూడు పాత నాడాలు వేలాడుతున్నాయి. నాలుగోది ఖాళీ. దాని కింద దుమ్ములో నాడా ఆకారంలో శుభ్రమైన మచ్చ.

"ఇవేంటి?"

"స్పేర్‌వి మేడమ్," అన్నాడు తమ్ముడు.

3:05. పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని పిలిపించింది. ఈ గుర్రం మీద రెండుసార్లు కంప్లైంట్ ఇచ్చిన మనిషి.

"పన్నెండున్నరకి ఎక్కడున్నారు మాస్టారూ?"

"భోంచేసి పడుకున్నాను. అదీ నేరమేనా?"

"ఎవరైనా వచ్చారా ఇటు?"

"లారీ ఒకటి హారన్ కొట్టి లేపింది. చూస్తే ఖాళీగా వెనక్కి తిప్పుకు పోతోంది."

తమ్ముడు చెమట తుడుచుకున్నాడు.

"గుర్రం అంటే మీకెందుకంత కోపం?"

"చప్పుడమ్మా! టకటకా టకటకా! పేపరు చదవనిస్తేనా? అయినా ఇంజనీరమ్మ ఓడెక్కాక నయంలెండి. చప్పుడే లేదు."

"బయటికి తీయడం మానేశారా?"

"ఎక్కడ మానారు? పాపం, తాత రోజూ సాయంత్రం మా గేటు ముందే నడిపిస్తాడు. నడిపించేవాడు." మాస్టారి గొంతు కాస్త తగ్గింది.

దబ్!

ఇన్‌స్పెక్టర్ మళ్లీ ఉలిక్కిపడింది. ఈసారి మాత్రం చెవి రిక్కించింది. ఇనుము చెక్కకి తగిలితే ఖంగుమనాలి. ఇదేమిటి, పిడికిలితో గుద్దినట్టుంది?

3:30.

"డాక్టర్ గారూ, దీని కాళ్లు చూశారా?"

"ఇవాళే మొదటిసారి రావడం. లోపల మోకాలి లోతు గడ్డి, గిట్టలే కనపడవు. పైగా రెచ్చిపోయి ఉంది. లోపలికెవరు వెళ్తారు?"

"నేను చూస్తూనే ఉన్నా కదండీ!" తమ్ముడు గబగబా రిజిస్టర్ తిప్పాడు. "ఇదిగో, ప్రతి ఆదివారం. మొన్న కూడా ఒంగి మరీ చూశాను."

గిట్టల గడిలో వారం వారం ఒకే మాట. నాడాలు గట్టిగా ఉన్నాయి.

"హెడ్డుగారూ, గేటు వేయండి. ఎవరూ కదలకూడదు."

ఆవిడ తలుపు పక్కనున్న తాత డబ్బాలోంచి క్యారెట్ తీసింది. గడియ మీద చేయి వేసింది.  

"మేడమ్, వద్దు!" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"నోరు మూసుకోండి. ఇప్పుడు ఆగితే మళ్లీ వెళ్లలేను."

లోపల నల్లటి గుర్రం. నుదుటి మీద తెల్లచుక్క. కళ్లు పెద్దవి చేసి గోడకి ఆనుకుపోయి ఉంది. ఒళ్లంతా వణుకు. ఓసి నీ దుంప తెగ, నువ్వూ భయపడుతున్నావా, అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"వెనక నిలబడకండి," తలుపు బయటినుంచి డాక్టర్ గొంతు. "పక్కన ఉండి, కాలి మీదుగా చేయి కిందికి జార్చండి."

చుక్క క్యారెట్ అందుకుంది. వెచ్చటి ఊపిరి బొటనవేలి మచ్చ మీద తగిలింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది. వెనక కాలి మీదుగా చేయి జార్చింది.

తాత అలవాటు చేసినట్టుంది. గుర్రం తనే కాలెత్తి ఇచ్చింది.

ఇనుము లేదు. ఉత్త గిట్ట. మిగతా మూడు కాళ్లూ అంతే.

3:50. బయటికి రాగానే ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుంది.  

"దీనికి నాడాలు లేవు."

డాక్టర్ నుదురు కొట్టుకున్నాడు. "చాలాకాలం స్వారీ లేకపోతే తీసేయిస్తారు మేడమ్, గిట్టలకి విశ్రాంతి అని. నాకు తట్టనే లేదు!"

"మాస్టారికి చప్పుడు వినపడనిదీ అందుకే. గోడ మీదివి స్పేర్‌వి కావు, చుక్కవే. ఆవిడ తిరిగొచ్చాక వేయడానికి తాత దాచాడు." తమ్ముడి వైపు తిరిగింది. "లేని నాడాలు అయిదు నెలలుగా గట్టిగా ఎలా ఉన్నాయి బాబూ? మొన్న ఒంగి చూసిందేమిటి? ఈ గుర్రానికి నాడాలున్నాయని నమ్మినవాడే, నాడాతో కొట్టి నేరం దీని మీదికి తోస్తాడు. నాలుగోది ఎక్కడ?"

అతని చూపు గేటు దగ్గరున్న తన స్కూటర్ మీదికి పోయింది. హెడ్ కానిస్టేబుల్ స్కూటర్ డిక్కీ తెరిచాడు. తువ్వాల్లో చుట్టిన నాడా. అంచున రక్తం.

"గుర్రాన్ని అమ్మేశాను," తమ్ముడు కూలబడ్డాడు. "లారీ వచ్చింది. ముసలాడు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. లారీని వెళ్లగొట్టాడు. అక్కకి చెప్తానన్నాడు. అటు తిరగ్గానే చేతికందింది తీసి... ఒక్కటే దెబ్బండీ."

డాక్టర్ ఇంజెక్షన్ పెట్టెలో పెట్టేశాడు.

4:10. తమ్ముడి ఫోన్ మోగితే ఇన్‌స్పెక్టర్ ఎత్తింది. సముద్రం మీంచి అక్క.

"ఇప్పుడే మెయిల్ చూశాను! ఎవర్నో తన్నిందని, ఇంజెక్షన్ ఇచ్చేస్తున్నారని రాశాడు తమ్ముడు. చుక్క ఉందా?"

"ఉందమ్మా. క్షేమంగా ఉంది."

"ఒకసారి తాతకి ఇవ్వండి. ఆయన చెప్తే గానీ నాకు నమ్మకం కుదరదు."

ఇన్‌స్పెక్టర్ వ్యాన్ వెళ్లిన దారి వైపు చూసింది. చెప్పక తప్పలేదు. తాత గురించి చెప్పింది. తమ్ముడి గురించి చెప్పింది. అవతల చాలాసేపు ఏడుపు వినిపించింది.

"ఇంకా మూడు నెలలు రాలేను," అంది చివరికి. "దాన్ని ఎవరు చూస్తారమ్మా? ఎవర్ని నమ్మమంటారు?"

"సాయంత్రాలు నేను నడిపిస్తానని చెప్పండి," అని గొణిగాడు హెడ్‌మాస్టర్. "ఎలాగూ చప్పుడు లేదుగా."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ భుజానికి నొక్కిపెట్టి రిజిస్టర్ అందుకుంది. అబద్ధాల గళ్ల కింద ఆనాటి తేదీ వేసి రాసింది:

"గిట్టలు: ఎత్తి చూశాను. నాడాలు లేవు."

తర్వాత ఫోన్‌లో అంది. "ఆదివారాలు నేనొస్తానమ్మా. నాకు గుర్రాలంటే భయం. అయినా వస్తాను."