ఏడో వంపు దగ్గర స్పానరు చప్పుడు

మలేషియా తూర్పు తీరంలో మా పవర్ ప్లాంటులో ఎవర్నడిగినా చెబుతారు — చీకటిపడ్డాక ఏడో వంపు దగ్గరికి ఒంటరిగా పోకూడదని. ఆవిరి గొట్టం మలుపు తిరిగే చోటది. పాతకాలం ఫిట్టరు దెరమాన్ తాత అక్కడే ఆవిరి కొట్టి పోయాడు. గొట్టం జాయింటుని పట్టి ఉంచే స్టడ్డు బోల్టులు, ఒకసారి విప్పేసిన పాతవే ఎవడో మళ్ళీ బిగించాడట! చూడ్డానికి బాగానే ఉంటాయండీ, కానీ ఏళ్ళ తరబడి నిప్పులాంటి వేడికి సాగి, పట్టు పోయినవి. అందుకే విప్పినవాటికి ఎర్రరంగు కొట్టి డ్రమ్ములో పడేస్తారు.

ఆ తాత ఇప్పటికీ రాత్రిళ్ళు ఒక్కో స్టడ్డూ తట్టి చూసుకుంటాడని...

జుల్హైరికి ఇదంతా తెలుసు. అయినా బయల్దేరాడు. కడుపుమంట అలాంటిది!

పదకొండేళ్ళుగా రొస్దీ, తనూ జోడీ ఫిట్టర్లు. ఆ వంపుకి అటు జాయింటు రొస్దీ బిగించాడు, ఇటుది తను. తెల్లారి ఆవిరి వదుల్తారు. ఎవరిది చుక్క కారకుండా నిలిస్తే వాడే మేస్త్రీ. సాయంత్రం టీకొట్లో రొస్దీ అందరి ముందూ, "ఒరేయ్ జుల్, రేపట్నుంచి నన్ను సార్ అనాలి. ఇప్పట్నుంచే నోటికి అలవాటు చేసుకోరా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. జుల్ కూడా నవ్వాడు — పళ్ళతో మాత్రమే.

ఇప్పుడు జేబులో పాత స్టడ్డు. కిరసనాయిలుతో ఎర్రరంగు తుడిచేశాడు. రొస్దీ జాయింటులో ఒక్కటి మారిస్తే చాలు. కాస్త ఆవిరి చిమ్ముతుంది, అంతే... ఎవరికీ ఏం కాదు, అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఇనప నిచ్చెన ఎక్కాడు. చీకటి. సముద్రపు గాలి.

టంగ్...

ఆగాడు. గాలేమో.

టంగ్... టంగ్...

గాలి కాదు. ఇనుం మీద ఇనుం!

గొట్టం అవతల నల్లగా ఏదో వంగి ఉంది — తల లేదు! జుల్ మోకాళ్ళమీద కూలబడ్డాడు.

"తాతా... నన్నొదిలెయ్. గడ్డి తిన్నాను. రొస్దీ జాయింటుకి పాత స్టడ్డు పెడదామనొచ్చాను. మేస్త్రీ పనీ వద్దు, ఏమీ వద్దు..."

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఆ చీకట్లోంచి, వణికిపోతూ, ఓ గుసగుస —

"జుల్... నువ్వేనట్రా? యా అల్లా, తాతే వచ్చాడనుకుని చచ్చాను కదరా!"

వంగిన తల పైకి లేచింది. రొస్దీ! చేతిలో స్పానరు.

"నువ్విక్కడేం చేస్తున్నావురా?"

రొస్దీ స్పానరు కిందికి దించాడు. మెల్లిగా అన్నాడు —

"నీ జాయింటుకి రెండు పాతవి పెట్టాను. రా, ఇటు పట్టు... తెల్లారేలోపు విప్పెయ్యాలి."