ఎడమ వైపు సీటు

ఇంజన్ ఆగిపోయిన సమయంలో అమ్మణ్ణి కలలో ఉంది.

కలలో కారు గచ్చిబౌలి దాటి వెళ్తోంది. రెండు పక్కలా అద్దాల మేడలు, వాటి మీద జారిపోతున్న మబ్బులు. చలపతిరావు కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి, ఏదో రాగం తీస్తున్నాడు. ఎక్కడికండీ అని ఆమె అడగలేదు. ఎక్కడికైతేనేం... పాదాల కింద ఆ సన్నని అదురు ఉన్నంతసేపూ ఆయన నడుపుతున్నాడని అర్థం. ఉన్నట్టుండి ఆ అదురు గట్టిగా కుదిపి, ఏదో లోహం విరిగినట్టు చప్పుడై, ఆగిపోయింది. రాగం కూడా ఆగిపోయింది.

కళ్ళు తెరిస్తే ఎదురుగా అపార్ట్‌మెంట్ పార్కింగ్ గోడ. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. వాచ్‌మన్ భార్య మల్లమ్మ చేతిలో చీపురు పడేసి పరిగెత్తుకొస్తోంది.

"అమ్మా, జెల్ది దిగుండ్రి! బండ్లకెల్లి పొగలొస్తున్నయి!"

అమ్మణ్ణి దిగలేదు. మల్లమ్మే తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దింపింది. కారు అక్కడ నిలబడి ఉంది, అంతా అలాగే ఉంది, అయినా అందులో ఎవరూ లేరని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. భర్త పోయిన తొమ్మిది నెలల్లో అంత ఖచ్చితంగా ఎప్పుడూ తెలియలేదు.

చలపతిరావు విద్యుత్ శాఖలో పనిచేసేవాడు. ఆ పాత డీజిల్ కారంటే ఆయనకు ప్రాణం. సంక్రాంతి వెళ్ళిన వారానికి మెదడులో నరం చిట్లి పోయాడు. ఆయన పోయాక కారు బయటికి తియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. బండి ఊరికే ఉంటే పాడవుతుంది, రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఉంచాలి అని ఆయన అంటుండేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుంది అమ్మణ్ణి. పొద్దున్నే కాఫీ తాగి కిందికి దిగేది. కుడి తలుపు తీసి, నిలబడే లోపలికి వంగి, గేరు ఊగుతోందో లేదో కదిపి చూసి, ఆయన నేర్పినట్టే తాళం తిప్పేది. తర్వాత కారు చుట్టూ తిరిగి వచ్చి ఎడమ వైపు సీట్లో కూర్చునేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె చోటు అదే. ఆయన సీట్లో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. కూర్చుంటే, అది ఖాళీ అయిందని ఒప్పుకున్నట్టే కదా...

బానెట్ కింద నీళ్ళు పొయ్యాలనీ, నూనె చూడాలనీ ఆమెకు తెలియదు. అవి ఆయన ఆదివారం పనులు. ఇంజన్ గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే. దసరాకి అందరూ బండి ముందు భాగానికి బొట్టు పెడితే, చలపతిరావు బానెట్ ఎత్తి పట్టుకుని "పైన రేకుకి ఎందుకోయ్? పని చేసేది లోపలున్నది. దానికి పెట్టు" అనేవాడు. ఆమె వంగి ఇంజన్‌కి పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఇంజన్ వేడెక్కిపోతే చెప్పే ఎర్ర దీపం స్టీరింగ్ వెనకాల ఉంటుంది. ఎడమ సీట్లోంచి అది కనబడదు. నీళ్ళు బొట్టుబొట్టుగా కారిపోయి, ఆ దీపం వెలిగి, ఎన్ని రోజుల నుంచి పిలుస్తోందో... ఆమె పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుంది.

నిజాంపేట రోడ్డులో షెడ్డు నడిపే దినేశ్ బండి పంపించి కారుని లాక్కెళ్ళాడు. చలపతిరావు ఎప్పుడూ అతని దగ్గరికే వెళ్ళేవాడు. శనివారం తల్లీకూతుళ్ళు అక్కడికి వెళ్ళారు.

కూతురు కృష్ణప్రియ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. తండ్రి పోయేనాటికి పుణేలో ఉండేది. తల్లి ఒంటరిగా ఉండలేదని బదిలీ చేయించుకుని వచ్చేసింది. వచ్చిందన్న మాటేగాని, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఇద్దరూ ఒక గది వాళ్ళు ఇంకో గది వాళ్ళకి అడ్డం రాకుండా మెలిగే కిరాయిదార్లలా ఉంటున్నారు. అన్నం తిన్నావా అంటే తిన్నాను. బండి పాడైందని చెప్పిన రాత్రి కూడా కూతురు ఏమీ అనలేదు. తినే కంచం సగంలో వదిలేసి లేచింది, అంతే.

"ఇంజన్ పట్టేసిందమ్మా" అన్నాడు దినేశ్ చేతులు తుడుచుకుంటూ. "నీళ్ళు లేక హెడ్డు వంగింది. లోపల మొత్తం గీసుకపోయింది. ఇగ రెండే దార్లున్నయి. ఒకటి, ఇదే ఇంజన్ ఇప్పి, బోరింగ్ చేయించి, లోపలి సామానంత మార్చి కట్టుడు. జర టైం పడ్తది, గ్యారంటీ అయితే చెప్పలేను. రెండోది, గిదే మోడల్ బండి ఒకటి నా దగ్గర్నే ఉన్నది. ఎనకకెల్లి లారీ గుద్దింది. దేవుని దయ, మనుషులకేం కాలే. బండి పోయింది గని ఇంజన్‌కి గీత గూడ పడలే. అది తీసి దీంట్ల పెట్టుడు. ఆర్టీవో ఆఫీసుల ఇంజన్ నంబర్ ఎక్కించే సంగతి నేన్ చూస్కుంట."

"ఇదే కట్టండి" అంది కృష్ణప్రియ వెంటనే.

అమ్మణ్ణి ఇంజన్ వైపు చూస్తోంది. మసి మధ్యలో ఒకచోట పోయినేడాది దసరా పసుపు ఇంకా అంటుకుని ఉంది. "కడితే, ఇందులో పాతది ఎంత మిగులుతుంది బాబూ?" అని అడిగింది.

పై డొల్ల మిగులుతుందని, లోపల తిరిగేదంతా కొత్తదేనని అతను చెప్పాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, ఆ రెండోదే పెట్టమని మెల్లగా అంది.

కృష్ణప్రియ తల్లి వైపు తిరిగింది. తొమ్మిది నెలలుగా గొంతులో దాచుకున్నది ఆ షెడ్డులో, గ్రీజు వాసన మధ్య, బయటికొచ్చింది.

"నాన్నది ఏదీ ఉండనివ్వవా అమ్మా? గుండె ఇచ్చేశావు. నేను వచ్చేదాకా ఒక్క గంట ఆగమంటే ఆగలేదు. ఇప్పుడిది కూడా తీసి పారేస్తావా?"

దినేశ్ తల దించుకుని, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళాడు.

నీ ఇష్టమమ్మా, నువ్వు ఏది చెప్తే అదే చేయిద్దాం అని మాత్రం అంది అమ్మణ్ణి. ఆ లొంగిపోవడం కృష్ణప్రియకి ఇంకా కష్టంగా అనిపించింది. ఇంజన్ ఇప్పమని దినేశ్‌కి చెప్పేసి, వచ్చిన ఆటోలోనే తల్లితో పాటు తిరిగి వచ్చింది.

ఆసుపత్రిలో ఆ రోజు డాక్టర్లు చాలా మర్యాదగా మాట్లాడారు. మెదడు పోయింది, ఇక రాదు, గుండె మాత్రం యంత్రాల సాయంతో కొట్టుకుంటోంది, మీరు ఒప్పుకుంటే అది ఇంకొకరిలో కొట్టుకుంటుంది అన్నారు. ఆమె ఒప్పుకుంది. పుణే నుంచి కూతురు వచ్చేసరికి తండ్రి ముఖం మీద తెల్లటి గుడ్డ, గుడ్డ కింద కుట్లు. ఆ పిల్ల తండ్రిని ముట్టుకుంటే చల్లగా తగిలాడు. ఆ చల్లదనం ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

తర్వాతి వారమంతా తుంపర పడుతూనే ఉంది. అమ్మణ్ణికి పొద్దున్నే మెలకువ వచ్చేది. కాఫీ తాగేది. కిందికి దిగడానికి పనేమీ ఉండేది కాదు. బాల్కనీలో నిలబడితే తడిసిన రోడ్డు మీద మెట్రో రైలు నీడ జారిపోయేది. ఈ ఊళ్ళోనే ఎక్కడో, లింగంపల్లిలోనో ఇంకెక్కడో, ఒక మనిషి ఇప్పుడు నిద్ర లేచి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఉంటాడనుకునేది. పేరు చెప్పరు, చెప్పకూడదట. ఆ మనిషి మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుందా? వర్షం పడితే కిటికీ దించి చెయ్యి బయట పెట్టాలని అనిపిస్తుందా? ఆలోచన కలలోకి, కల ఆలోచనలోకి కలిసిపోయి, కాఫీ గ్లాసు చల్లారిపోయేది.

గురువారం సాయంత్రం కృష్ణప్రియ ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళింది. పని ఎంతవరకు వచ్చిందో అడుగుదామని. దినేశ్ మాట్లాడకుండా కళ్ళతో లోపలికి చూపించాడు. బానెట్ ఊడదీసి, ఇంజన్ తీసేసిన కారు ముందు భాగం బావిలా ఖాళీగా ఉంది. ఎడమ వైపు సీట్లో అమ్మణ్ణి కూర్చుని ఉంది. అద్దంలోంచి షెడ్డు బయట పడుతున్న చినుకుల్ని చూస్తోంది.

"రోజూ వస్తది మీ అమ్మ. ఏం అనదు. కూసుంటది, పోతది" అన్నాడతను.

కృష్ణప్రియ కుడి తలుపు తీసింది. తండ్రి సీట్లో కూర్చుంది.

"ఇంజన్ లేదు కదమ్మా. ఎందుకొస్తున్నావు?"

"అలవాటే" అంది అమ్మణ్ణి. తర్వాత, తనలో తాను చెప్పుకుంటున్నట్టు, "లోపలికి తీసుకెళ్ళే ముందు నన్ను ఆయన దగ్గర నిలబడనిచ్చారు. ఛాతీ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉన్నారే. నా చెయ్యి కింద కొట్టుకుంటోంది. అచ్చం... ఈ కారు స్టార్ట్ చేసి ఉంచితే కాళ్ళకి తెలుస్తుందే, అలాగ" అంది.

రోజూ తల్లి కిందికి దిగి ఏం చేసేదో కృష్ణప్రియకి అప్పుడు అర్థమైంది.

"ప్రియ వస్తోంది, ఆపండి అన్నాను. ఆపారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ ఆపారు. మూడోసారి డాక్టరుగారు నా చేతులు పట్టుకున్నారు. ఇంకా ఆగితే అది ఎవరికీ పనికిరాదమ్మా అన్నారు."

పుణేలో ఆ పొద్దున్న పొగమంచు. విమానం కదలక, కిటికీ పక్కన కూర్చుని ఆ తెల్లదనాన్ని చూస్తూ ఉండిపోయిన సంగతి కృష్ణప్రియకి గుర్తొచ్చింది. తల్లి ఆమె కోసం ఆయన్ని ఆపింది. రెండుసార్లు ఆపింది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? నిన్ను ఎన్ని అనుకున్నానో..."

"చెప్తే ఆ మంచుని తిట్టుకుంటూ బతుకుతావు. దాన్నెక్కడని వెతికి తిడతావు? నన్నయితే, ఇంట్లోనే ఉంటాను కదా."

కృష్ణప్రియ స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఏడుపు వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత, తల్లి చెయ్యి వీపు మీద ఉండగా, ఆమె తండ్రి కోసం ఏడ్చింది.

చాలాసేపటికి తల ఎత్తి, "ఆ రెండోదే ఎందుకన్నావు?" అని అడిగింది.

అమ్మణ్ణి ఇంజన్ లేని ఆ ఖాళీ వైపు చూసింది. "మనం ఇచ్చాం. ఎవరో తీసుకున్నారు. పరాయి వాళ్ళది మాకొద్దు అని వాళ్ళూ అనుకుని ఉంటే మీ నాన్నది ఎక్కడికి పోయేదే? ఇచ్చినవాళ్ళకి తీసుకోవడం కూడా రావాలి కదా అనిపించింది. అంతే. నీకు కష్టమైతే వద్దులే."

కృష్ణప్రియ కళ్ళు తుడుచుకుని దిగింది. షెడ్డు మూలలో గోనెపట్టా మీద తండ్రి ఇంజన్ ఉంది. దాని ముందు కూర్చుని, ఆ పసుపు మరక మీద వేలు ఆనించింది. అది కూడా చల్లగానే ఉంది. అయినా ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"దినేశ్ అన్నా, ఆ ఇంజనే పెట్టండి" అంది. వేలు అక్కడే ఉంచి, "దీంట్లో పనికొచ్చేవి ఏమైనా ఉంటే, ఎవరి బండికైనా వెయ్యండి. పారెయ్యకండి" అంది.

కారు లోపల కూర్చున్న అమ్మణ్ణికి ఆ మాట వినబడింది. ఆమె కళ్ళు మూసుకుంది.

బండి సిద్ధమైన రోజు వాన వెలిసి ఎండ కాసింది. దినేశ్ బానెట్ ఎత్తి, పసుపు కుంకుమల భరిణె పెద్దావిడ ముందు పెట్టాడు. అమ్మణ్ణి రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన పోయి ఏడాది కూడా తిరగలేదు. శుభానికి తన చెయ్యి ముందుకు రాకూడదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఆమె అన్నిచోట్లా అలా వెనక్కి జరుగుతూనే ఉంది.

"నువ్వు పెట్టమ్మా" అంది కూతురితో.

కృష్ణప్రియ భరిణె తీసుకుంది. తీసుకుని తల్లి అరచేతిలోనే పెట్టింది. తర్వాత వెళ్ళి, తండ్రి పట్టుకున్నట్టే, దినేశ్ దగ్గర్నుంచి బానెట్ అందుకుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"పైన రేకుకి కాదమ్మా" అంది.

అమ్మణ్ణి వంగి ఆ పరాయి ఇంజన్‌కి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. కూతురు బానెట్ దించి, కుడి తలుపులోంచి వంగి తాళం తిప్పి వచ్చింది. చప్పుడు వేరేగా ఉంది, కొంచెం లోతుగా. అమ్మణ్ణి కూతురి చెయ్యి పట్టుకుని, వణుకుతున్న రేకు మీద తన చేతి పక్కన ఆనించింది. చేతుల కింద అది సమంగా, వెచ్చగా కొట్టుకుంటోంది.

అమ్మణ్ణి వెళ్ళి ఎడమ వైపు కూర్చుంది. కారు షెడ్డు దాటి, నిజాంపేట రోడ్డు మలుపు తిరిగింది. వానకి కడిగినట్టున్న ఎండలో దూరంగా అద్దాల మేడలు మబ్బుల్ని మోస్తున్నాయి. ఎక్కడికే అని ఆమె అడగలేదు. పాదాల కింద అదురు మెల్లగా పైకి పాకుతుంటే కళ్ళు బరువెక్కాయి. పడుకోకూడదని బలవంతంగా తెరిచింది. అది గమనించి కృష్ణప్రియ కిటికీ కొంచెం దించింది.

"పడుకో అమ్మా" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎర్ర దీపం నాకు కనిపిస్తుంది. నేను చూస్తూ ఉంటాను."