రానివి రాసే గోడ

కిష్టమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

గోడ మీద నర్సింహ సుద్దముక్కతో “భిన్నాల భాగహారం” అని రాశాడు.

“ఏందిరా, గది అయిదో తరగతి లెక్క! పదో తరగతి పరీక్షలు ఎట్ల రాసినవ్ రా?” అంది.

క్లాసంతా గొల్లుమంది. నర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. రాసింది అరచేత్తో తుడిచేసి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

ఎల్బీ నగర్ దగ్గర అప్పుడప్పుడే లేస్తున్న కాలనీ అది. వెంకట్రావు గారి కొత్త ఇంటికి ఇంకా తలుపులు పెట్టలేదు, సున్నం వేయలేదు. ఆ ముందుగదిలోనే సూర్యప్రభ టీచర్ సాయంత్రాలు ఫ్రీగా చదువు చెప్పేది. కూలి పనులు చేసుకునేవాళ్ల పిల్లలు పన్నెండు మంది వచ్చేవాళ్లు. హాస్టల్ ఉన్న కాలేజీలో సీటు కావాలంటే ఎంట్రన్స్ రాయాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. పరీక్షకి ఇంకా పది రోజులే ఉంది.

టీచర్‌ది ఒక పద్ధతి. రాగానే ప్రతి ఒక్కరూ తమకు రానిది గోడ మీద రాయాలి. అది వచ్చినవాళ్లు నేర్పాలి. మిగిలినవి టీచర్ చెబుతుంది. కిష్టమ్మ మాత్రం రోజూ “ఏమీ లేదు” అనే రాసేది. స్కూల్లో ఫస్ట్ వచ్చిన పిల్ల కదా!

మర్నాడు నర్సింహ కూడా “ఏమీ లేదు” అని రాశాడు. వెనకే వచ్చిన లలితకుమారి, కిష్టమ్మ వైపు ఓసారి చూసి అదే రాసింది. అలా పన్నెండు మందీ అదే రాశారు.

“అబ్బో, మీకు అన్నీ వచ్చేశాయే! ఇంక నేనెందుకు? ఇంటికెళ్లి ఆవకాయ పెట్టుకుంటాను,” అంది టీచర్.

ఎవరూ నవ్వలేదు. టీచర్ కాగితాలు పంచి చిన్న పరీక్ష పెట్టింది. నర్సింహ కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు.

“నేను ఎంట్రన్స్ రాయను. మామతోని ఇసుక లారీ మీద పోత,” అని వాడు లలితకుమారితో అనడం కిష్టమ్మ విన్నది. తన కాగితం టీచర్‌కిచ్చి బయటికొచ్చింది.

అక్కడ కిష్టమ్మ నాన్న అంతయ్య, తోటి మేస్త్రీ అంజయ్యతో కలిసి ప్రహరీ కడుతున్నాడు.

“అన్నా, జర ఆగు. నా దిక్కు వరుస వంకర పోయింది,” అన్నాడు అంజయ్య.

అంతయ్య దారానికి కట్టిన ఇనుప గుండు వేలాడదీసి చూశాడు. “అవు. మంచిగ చెప్పినవ్ తమ్మీ. తీసి మళ్ల పెడదాం.”

ఇద్దరూ ఇటుకలు తీయసాగారు.

“తిట్టవేంది నాయినా?” అంది కిష్టమ్మ.

“తిడితే రేపు వంకర పోయినా చెప్తడా బిడ్డా? సిమెంటు పూసి దాస్తడు.”

కిష్టమ్మ వెనక్కి తిరిగింది. తలుపుల్లేని గుమ్మంలోంచి గోడ కనిపించింది. దాని నిండా “ఏమీ లేదు”, “ఏమీ లేదు”.

మర్నాడు అందరికన్నా ముందొచ్చి గోడంతా తుడిచింది. పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: “ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకు భయం.”

టీచర్ ఇచ్చిన పుస్తకం తిరిగిచ్చి పోదామని నర్సింహ వచ్చాడు. గోడ చూసి ఆగిపోయాడు.

“నవ్వుకో రా,” అంది కిష్టమ్మ తల దించుకుని. “మొన్న నేను నవ్విన గదా. తప్పు చేసిన.”

నర్సింహ నవ్వనే నవ్వాడు. “గింతేనా! మా అమ్మ పని చేసే ఇంట్ల పెద్దసారు నాతోని ఇంగ్లీషే మాట్లాడ్తడు. తప్పులొచ్చినా మాట్లాడుడే, గంతే. లే! మై నేమ్ ఈజ్ కిష్టమ్మ, అను.”

“మై... నేమ్...”

“గట్టిగ! సారుకు చెవుడనుకో.”

“మై నేమ్ ఈజ్ కిష్టమ్మా!”

“ఏమైంది బిడ్డా?” అని బయటినుంచి అంతయ్య కేకేశాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అప్పుడు నర్సింహ సుద్దముక్క అందుకున్నాడు. ఆమె రాసిన దాని కింద “భిన్నాల భాగహారం” అని రాసి, ఓరకంట చూశాడు.

కిష్టమ్మ బయటికి పరుగెత్తింది. ఒక అర ఇటుక, రెండు పావు ముక్కలు తెచ్చి నేల మీద పెట్టింది.

“దా, కూసో. గీ అర ఇటుకల ఎన్ని పావులున్నయో చూద్దాం.”

తర్వాత వచ్చిన పిల్లలంతా తమకు రానివి రాసుకుంటూ పోయారు. టీచర్ వచ్చేసరికి గోడ మీద చోటు లేదు. లలితకుమారి ఇటుకల మీదెక్కి పైన రాస్తోంది.

“రామ రామ! ఇన్నా? ఇంక నేను ఆవకాయ ఎప్పుడు పెట్టుకోను?” అంది టీచర్, కొంగు బిగించి.